గుర్రం మీద ఈ నిద్రలేని మనిషి ఎవరు? స్పెయిన్ సేనాని హువాన్ ప్రిమ్ గురించి

నల్లసిరా | 1
పోయిన నెల మా అబ్బాయి దగ్గరికి పారిస్ వెళ్ళినప్పుడు ఓర్సే మ్యూజియం చూశాను. పేరున్న గదుల్లో జనం తోసుకుంటున్నారు. కాళ్ళు లాగుతుంటే కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళి ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. గోడంత బొమ్మ. నల్ల గుర్రాన్ని కళ్ళెం బిగించి ఆపిన సేనాని. తల మీద టోపీ లేదు, జుట్టు చెదిరి ఉంది, ముఖం పాలిపోయింది. వెనక జెండాలు పట్టుకున్న గుంపు కేకలు వేస్తోంది. ఇది విజయయాత్ర అని తెలుస్తూనే ఉంది, కానీ ఆ ముఖం గెలిచినవాడి ముఖంలా లేదు. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేనివాడిలా ఉన్నాడు. కింద పేరు హువాన్ ప్రిమ్, తేదీ 1868 అక్టోబరు 8 అని ఉంది. చిత్రకారుడు అన్రీ రెన్యో.

స్పెయిన్ సేనాని అంటే నాకు తెలిసింది ఫ్రాంకో ఒక్కడే. ఈయన కథ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తీరిగ్గా చదువుకుంటాను.

వేగుచుక్క | 2
మంచి బొమ్మ ముందు ఆగారు. తమాషా ఏమిటంటే, ఆ బొమ్మ ఎవరిదో ఆయనకే అది నచ్చలేదు. ముఖం కడుక్కోని మనిషిలా వేశావని తీసుకోవడానికి నిరాకరించాడు.

ఫ్రాంకోను పక్కన పెట్టండి. అది వేరే శతాబ్దం, వేరే సరుకు. 19వ శతాబ్దపు స్పెయిన్‌లో పార్టీకొక సేనాని ఉండేవాడు. ఎస్పార్తెరో, నార్వాయెజ్, ఓడొనెల్, సెర్రానో, ప్రిమ్. ఓట్లతో ప్రభుత్వం మారే దారి మూసుకుపోయి ఉండేది. కాబట్టి పార్టీలు తమ సేనాని వైపు చూసేవి. ఆయన ఏదో ఒక ఊళ్ళో పటాలం ముందు నిలబడి ప్రకటన చదువుతాడు. మిగతా ఊళ్ళ పటాలాలు కలిసివస్తే మంత్రివర్గం పడిపోతుంది, రాకపోతే ఆయన సరిహద్దు దాటి పారిపోతాడు. దీనికి వాళ్ళ భాషలో ప్రొనున్సియామియెంతో అని పేరే ఉంది. చాలాసార్లు తుపాకీ పేలకుండానే లెక్క తేలిపోయేది.

ప్రిమ్ 1814 డిసెంబరు 6న కాటలోనియాలోని రెవుస్ పట్టణంలో పుట్టాడు. తండ్రి నోటరీ, కొంతకాలం సైన్యంలోనూ ఉన్నాడు. 1833లో రాజు ఏడో ఫెర్నాండో పోయేనాటికి ఆయన కూతురు ఇసబెల్‌కు మూడేళ్ళు కూడా నిండలేదు. ఆడపిల్లకు సింహాసనమేమిటని రాజుగారి తమ్ముడు దోన్ కార్లోస్ కత్తి దూశాడు. ఆ యుద్ధంలో ప్రిమ్ పిల్లరాణి పక్షాన 1834లో మామూలు సిపాయిగా చేరాడు. అది ముగిసేసరికి ఒంటి నిండా గాయాలు, భుజాల మీద అధికారి హోదా. 1841లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. అక్కడినుంచి చివరిదాకా ఒక కాలు గుర్రపు రికాబులో, ఒక కాలు సభలో.

మిగతాది రేపు రాస్తాను. ఇప్పుడే మొత్తం చెబితే మీరు బొమ్మ సంగతి మర్చిపోతారు.

బార్సిలోనా బాబాయి | 3
మా ప్రాంతం మనిషి గురించి మాట్లాడుతున్నారా! ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి "మా" అంటే ఎవరూ తప్పుపట్టకండి.

రెవుస్‌లో ఊరి నడిబొడ్డున ఆయన పేరు మీదే ఒక కూడలి ఉంది. మధ్యలో గుర్రం మీద కంచు ప్రిమ్, ఒక పక్కన ఫోర్తుని నాటకశాల. ఆ ఫోర్తుని కూడా రెవుస్‌వాడే. మొరాకో యుద్ధంలో ప్రిమ్ పోరాడుతుంటే బొమ్మలు గీయడానికి పంపిన చిత్రకారుడు. వాస్తుశిల్పి గౌడి కూడా తమ ఊరివాడేనని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. "రెవుస్, పారిస్, లండన్" అని ఒక నానుడి ఉంది. ఒకప్పుడు సారాయి ధర ఈ మూడు చోట్లే తేలేదట. వినడానికి మన దగ్గర దుగ్గిరాల పసుపు ధర గురించి చెప్పుకున్నట్టే ఉంటుంది.

కానీ బార్సిలోనాలో ఆయన పేరెత్తితే అందరూ పొంగిపోతారని అనుకోకండి. గ్రాసియా పేటలో ఒక గడియారపు గోపురం ఉంది. దాని గంట కథ తర్వాత చెబుతాను.

ఎర్రమందారం | 4
ప్రిమ్ అనగానే అందరూ విప్లవం, గుర్రం, జెండా అంటారు. నేను ఒక తేదీ చెబుతాను. 1848 మే 31. అప్పుడు ఆయన స్పెయిన్ ఏలుబడిలోని కరీబియన్ దీవి ప్యూర్టో రీకోకు సర్వాధికారి. ఆ రోజు నల్లజాతివారి మీద ఒక శాసనం చేశాడు. బానిస అయిన నల్లవాడు తెల్లవాడి మీద ఆయుధం ఎత్తితే మరణశిక్ష. స్వేచ్ఛాజీవి అయిన నల్లవాడు ఎత్తితే కుడిచేయి నరికివేత. తెల్లవాడిదే తప్పయినా సరే శిక్ష మారదు. అంతటితో ఆగలేదు. అదే ఏడాది పక్కనున్న డెన్మార్క్ దీవి సాంటా క్రూజ్‌లో బానిసలు తిరగబడి స్వేచ్ఛ సాధించుకుంటే, వాళ్ళను అణచడానికి తన సైనికులను పంపాడు.

మాడ్రిడ్‌లో ఉదారవాది, కరీబియన్‌లో కొరడా. "ప్రజల సేనాని" అనే ముందు ఏ ప్రజలో అడగాలి.

తెల్లకాగితం | 5
ఆ కాలపు మనిషిని ఆ కాలపు కొలతతో చూడాలి కదండీ.

ఎర్రమందారం | 6
ఆ కాలపు కొలతతోనే చూద్దాం. ఆయన తర్వాత వచ్చిన అధికారి పెసువెలా అదే ఏడాది ఆ శాసనాన్ని రద్దు చేశాడు. ఆయనా ఆ కాలం మనిషే, పైగా రాజకీయాల్లో మితవాది. మరి ఆయన చేతిలో ఉన్న కొలత ఏమిటి?

తెల్లకాగితం | 7
సరే. ఈ మాట ఒప్పుకుంటాను.

వేగుచుక్క | 8
ఎర్రమందారం గారు చెప్పిన శాసనాన్ని దాచవలసిన పని లేదు. దానికి సమర్థన కూడా లేదు. నేను ఇంకో వైపు నుంచి వస్తాను.

ప్రిమ్ మంచివాడా చెడ్డవాడా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ముందుకు దూకడం ఒక్కటే తెలిసిన మనిషి అనుకుంటే, ఆయన జీవితంలో అతి తెలివైన పని వెనక్కి తిరగడం. అదే నన్ను లాగుతుంది.

దూకుడు ఎలాంటిదో ముందు చూడండి. 1860 జనవరి 1, మొరాకోలో కాస్తియెహోస్ పోరు. కొర్దోబా రెజిమెంటు సిపాయిలు బరువు తగ్గించుకోవడానికి వీపు సంచులు కింద పెట్టి దాడికి వెళ్ళారు. మొరాకో సేన ఎదురుదెబ్బ తీసి ఆ సంచుల దాకా వచ్చేసింది. సిపాయిలు వెనక్కి జారుతున్నారు. ప్రిమ్ రెజిమెంటు జెండా లాక్కుని, సంచులు మీవి, కావాలంటే వదిలేయండి, ఈ జెండా దేశానిది, దీన్ని పట్టుకుని శత్రువుల మధ్యకు వెళ్తున్నాను, మీ సేనాని ఒక్కడే చస్తుంటే చూస్తారా అన్న అర్థంలో అరిచి గుర్రాన్ని దూకించాడు. సిపాయిలు వెనకే పరుగెత్తారు. కాస్తియెహోస్ మార్క్విస్ బిరుదు దీనికే వచ్చింది. మరుసటి నెలలో మొరాకో పట్టణం తెతువాన్ పడింది. ఊరూరా ఆయన బొమ్మలు అమ్ముడుపోయాయి.

ఇప్పుడు రెండేళ్ళు ముందుకు రండి. మెక్సికోలో బెనీతో హువారెస్ ప్రభుత్వం ఖజానా ఖాళీ అయి, విదేశీ అప్పుల చెల్లింపు రెండేళ్ళు ఆపేస్తున్నామంది. ఇంగ్లండు, ఫ్రాన్స్, స్పెయిన్ 1861 అక్టోబరు 31న లండన్‌లో ఒప్పందం చేసుకుని బాకీ వసూలుకు సేనలను పంపాయి. స్పెయిన్ తరఫున పెద్ద ప్రిమ్. సేనలు దిగింది వెరాక్రూజ్‌లో. అక్కడ పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) సిపాయిలను తుపాకీ కంటే వేగంగా చంపుతుంది. ప్రిమ్ మెక్సికో మంత్రి దోబ్లాదోతో కూర్చుని 1862 ఫిబ్రవరి 19న లా సొలెదాద్ ఒప్పందం రాసుకున్నాడు. చర్చలు జరుగుతున్నంతకాలం సేనలు చల్లని ఎగువ ఊళ్ళలో ఉండవచ్చు, చర్చలు చెడితే మళ్ళీ కిందికి దిగిపోవాలి.

ఈలోగా ఫ్రాన్స్ అసలు ఉద్దేశం బయటపడింది. వాళ్ళు బాకీ కోసం రాలేదు, ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌ను మెక్సికో చక్రవర్తిని చేయడానికి వచ్చారు. ప్రిమ్ నేరుగా ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌కు ఉత్తరం రాశాడు. ఈ దేశంలో రాజరికానికి వేళ్ళు లేవు, మీ సైన్యంతో కిరీటం పెట్టడం సులువే, మీ సైన్యం వెళ్ళిన రోజున ఆ రాజుకు దిక్కెవరూ ఉండరు అని దాని సారాంశం. ఏప్రిల్ 9న ఒరిసాబాలో మిత్రులు విడిపోయారు. ప్రిమ్ తన సేనను ఓడలెక్కించాడు. స్పెయిన్‌లో చాలామంది పిరికిపంద అన్నారు. 1867 జూన్ 19న మాక్సిమిలియన్‌ను కెరెతారోలో కాల్చి చంపారు.

తెల్లకాగితం | 9
ఇది కూడా వెన్నపూసంత స్వచ్ఛమైన కథేమీ కాదు. ప్రిమ్ భార్య ఫ్రాన్సిస్కా అగ్వెరో మెక్సికో ధనవంతుల ఆడపడుచు. ఆమె బంధువు గొన్సాలెజ్ ఎచెవెరియా అప్పుడు హువారెస్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి. అల్లుడుగారు అత్తవారి ఊరి మీద యుద్ధానికి వెళ్ళి రాజీ కుదిర్చి వచ్చారని ఎవరైనా అంటే ఏమంటారు?

వేగుచుక్క | 10
అత్తవారి మాట విన్నాడనే అనుకుందాం. అలాంటి మాట వినే సదుపాయం ఫ్రెంచివాళ్ళకూ ఉండి ఉంటే వేలమంది బతికేవారు. ఆ దేశం గురించి తెలిసినవాళ్ళు ఇంట్లో ఉండటం లోపం కాదు కదా.

సందుచివర | 11
ఎవరు చంపారో ఎప్పుడు చెబుతారు? నేను ఈ చర్చలోకి వచ్చిందే దాని కోసం. 1870 డిసెంబరు 27, మాడ్రిడ్, మంచు కురుస్తున్న రాత్రి!

నిర్వాహకుడు | 12
సందుచివర గారూ, వరస రానివ్వండి. పెళ్ళి కాకముందే అప్పగింతలు వద్దు.

వేగుచుక్క | 13
అయితే విప్లవం సంగతి త్వరగా ముగిస్తాను.

ఇసబెల్ రాణి ప్రిమ్ పార్టీని అధికారానికి రానివ్వలేదు. ఆయన కుట్ర మీద కుట్ర చేశాడు, దాదాపు అన్నీ బెడిసికొట్టాయి. 1866 జనవరిలో విల్యరెహో దగ్గర రెండు ఆశ్విక దళాలతో తిరగబడ్డాడు. ఇంకెవరూ కలవలేదు. పద్దెనిమిది రోజులు కొండల్లో తప్పించుకు తిరిగి పోర్చుగల్‌లోకి జారుకున్నాడు. ఆ వేసవిలో బెల్జియం తీరంలోని ఓస్టెండ్‌లో ప్రవాసులను కూడగట్టాడు. రాణిని దించాలి, తర్వాత ఏ ప్రభుత్వమో ప్రజలు ఎన్నుకున్న సభ తేలుస్తుంది. ఒప్పందం అంతే. ఇంతలో రాణికి అండగా ఉన్న ఓడొనెల్ 1867లో, నార్వాయెజ్ 1868లో చనిపోయారు. గొడుగు పట్టేవాళ్ళు లేరు.

1868 సెప్టెంబరులో ప్రిమ్ లండన్ నుంచి ఒక దంపతుల నౌకరు వేషంలో ఓడెక్కి జిబ్రాల్టర్ చేరాడు. మార్క్విస్, కౌంట్, దేశమంతా ముఖం తెలిసిన సేనాని, యజమానుల పెట్టెల వెనక నడిచే నౌకరు. కాదిజ్‌లో నౌకాధిపతి తొపేతె ఓడలు తిరుగుబాటు ప్రకటించాయి. 28న అల్కొలేయా వంతెన దగ్గర సెర్రానో రాణి సేనను ఓడించాడు. సాన్ సెబాస్టియన్‌లో సెలవులు గడుపుతున్న రాణి 30న రైలెక్కి ఫ్రాన్స్ వెళ్ళిపోయింది. ప్రిమ్ తీరం వెంబడి ఊరూరా ఆగుతూ మాడ్రిడ్ చేరాడు. నల్లసిరా గారు చూసిన బొమ్మ ఆ రోజులది. నిద్ర లేదనుకున్నారు చూడండి, సరిగ్గానే పట్టుకున్నారు.

తర్వాత సెర్రానో పేరుకు పెద్ద, ఆ పైన రాజప్రతినిధి. ప్రిమ్ ముందు యుద్ధమంత్రి, 1869 జూన్ నుంచి ప్రధాని. కొత్త రాజ్యాంగం, పాతికేళ్ళు దాటిన మగవాళ్ళందరికీ ఓటు, మతస్వేచ్ఛ. మొన్న మొన్నటిదాకా చెలామణీలో ఉన్న పెసెటా నాణెం కూడా ఆ 1868 అక్టోబరులో పుట్టిందే.

బార్సిలోనా బాబాయి | 14
గంట కథకు ఇదే సమయం.

ఆ విప్లవంలో వీధిలో అందరి నోటా ఉన్న నినాదం బలవంతపు సైనిక భర్తీ రద్దు. చీటీ వేసి కుర్రాళ్ళను తీసుకుపోయేవారు. డబ్బు కట్టగలిగితే తప్పించుకోవచ్చు, పేదవాడి కొడుకు వెళ్ళవలసిందే. విప్లవకారులు రద్దు చేస్తామన్నారు. కానీ 1868 అక్టోబరు 10న స్పెయిన్ వలస క్యూబా తిరగబడింది, సిపాయిలు కావాలి. ప్రిమ్ ప్రభుత్వం మళ్ళీ చీటీలు వేసింది. 1870 ఏప్రిల్‌లో గ్రాసియా పేట ఆడవాళ్ళు భర్తీ కాగితాలు తగలబెట్టారు. సైన్యం ఫిరంగులతో వచ్చింది. దాడి జరిగిన రోజుల్లో గోపురం మీద గంట మోగుతూనే ఉంది. ఫిరంగులు దాన్ని గురిపెట్టి కొట్టినా ఆగలేదని చెబుతారు. నెల తిరిగేలోగా ఆ గంట పేరుతో ఒక వ్యంగ్య వారపత్రిక మొదలై దశాబ్దాలపాటు నడిచింది.

గోపురం ఇప్పటికీ ఉంది. దాని కింద బల్లలు వేసి కాఫీ ఇస్తారు. మా ఆవిడ, నేను ఆదివారాలు అక్కడే కూర్చుంటాం. ఊరుమీద ఫిరంగులు పేల్చింది ఎవరి ప్రభుత్వమో తెలుసా అని పక్క బల్ల పెద్దాయన ఒకసారి అడిగి, తనే జవాబు చెప్పాడు. "మన ప్రిమ్." ఆ "మన" అన్న తీరు మాత్రం రాతలో పెట్టలేను.

ఎర్రమందారం | 15
బాబాయి గారూ, మంచి కథ చెప్పారు. న్యాయంగా ఒక మాట నేనూ చేర్చాలి. 1870 జులైలో ప్రిమ్ ప్రభుత్వమే మొరేత్ చట్టం తెచ్చింది. 1868 సెప్టెంబరు 17 తర్వాత బానిసలకు పుట్టిన పిల్లలు, అరవై దాటిన బానిసలు స్వేచ్ఛాజీవులు. పని చేయగలిగినవాళ్ళు మాత్రం బానిసలుగానే మిగిలారు, కాబట్టి చప్పట్లు కొట్టను. కానీ ప్యూర్టో రీకోలో చేయి నరకమన్న సంతకం, ఈ చట్టం ఒకే మనిషి జీవితంలోవి.

తెల్లకాగితం | 16
రాజును వెతికిన ముచ్చట ఎవరూ చెప్పడం లేదు. నాకు అదొక్కటే ఇష్టం.

రాజ్యాంగంలో రాజు ఉన్నాడు, సింహాసనం మీద లేడు. ఇసబెల్ రాణి వంశమైన బూర్బోన్‌లు తిరిగి వస్తారా అంటే సభలో ప్రిమ్ "ఎన్నటికీ, ఎన్నటికీ, ఎన్నటికీ" అన్నాడు. మరి ఎవరు? యూరప్‌లో ప్రజాస్వామ్య రాజును వెతకడం స్వర్గంలో నాస్తికుణ్ణి వెతకడమేనని ఆయనే అన్నాడని ప్రసిద్ధి. పోర్చుగల్ మాజీ రాజు ఫెర్నాండో వద్దన్నాడు. జెనోవా డ్యూక్ ఇంకా బడి పిల్లవాడు, వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ముసలి ఎస్పార్తెరో దణ్ణం పెట్టేశాడు. రాణి మరిది మోన్‌పాన్సియె డ్యూక్ ఒక్కడే నేను రెడీ అని కూర్చున్నాడు, ఆయనేమో 1870 మార్చిలో ద్వంద్వయుద్ధంలో రాణి బంధువును కాల్చి చంపాడు. సంబంధాల పేరయ్యకు కూడా ఇన్ని అవస్థలు ఉండవు.

చివరికి జర్మనీ నుంచి, ప్రష్యా రాజవంశపు మరో శాఖవాడు, లియోపోల్డ్ హోహెన్‌సోలెర్న్ సిగ్మరింగెన్. ఈ పేరు నోరు తిరగక మాడ్రిడ్ జనం "ఓలే ఓలే సీ మే ఎలిహెన్" అన్నారు. నన్ను ఎన్నుకుంటే ఓహో ఓహో అని దాని అర్థం.

వేగుచుక్క | 17
ఆ హాస్యం తర్వాతే పెద్ద పిడుగు పడింది. లియోపోల్డ్ ఒప్పుకున్న సంగతి గుట్టుగా ఉంచి, సభ కూర్చుని ఉండగానే గబగబా ఓటు వేయించాలని ప్రిమ్ ఎత్తు. జర్మనీ నుంచి దూత రహస్య లిపిలో తంతి పంపాడు, జూన్ 26 నాటికి వస్తున్నానని. మాడ్రిడ్‌లో దాన్ని విప్పినప్పుడు అంకెలు తప్పి జులై 9 అయింది. అన్నాళ్ళు సభ్యులను ఎండల్లో కూర్చోబెట్టలేక సభాపతి రూయిజ్ సొరీయా సభ వాయిదా వేశాడు. సభ్యులు ఊళ్ళకు వెళ్ళిపోయారు, గుట్టు రట్టయింది. తనకు రెండు పక్కలా జర్మన్ రాజులా అని ఫ్రాన్స్ మండిపడింది. లియోపోల్డ్ తండ్రి జులై 12న కొడుకు తరఫున వద్దన్నా, ప్రష్యా ప్రధాని బిస్మార్క్ మరుసటి రోజు, ఫ్రాన్స్ రాయబారితో తమ రాజు మాటల గురించి ఎమ్స్ నుంచి వచ్చిన తంతిని కత్తిరించి పత్రికలకెక్కించాడు. 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

యుద్ధానికి కారణం అంకెలు తప్పిన ఆ తంతి అనను. బిస్మార్క్‌కు, నెపోలియన్‌కు ఎవరి లెక్కలు వాళ్ళకున్నాయి. కానీ సాకు మాడ్రిడ్ నుంచి వెళ్ళింది.

ఆ తర్వాత ఇటలీ రాజు కొడుకు అమదేయో ఒప్పుకున్నాడు. నవంబరు 16న సభలో 191 ఓట్లు ఆయనకు, 60 సమాఖ్య గణతంత్రానికి, 27 మోన్‌పాన్సియెకు. సందుచివర గారూ, ఇక మీ వంతు.

సందుచివర | 18
ధన్యవాదాలండీ. చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను.

డిసెంబరు 27 సాయంత్రం ఏడు దాటింది. సభ ముగించుకుని ప్రిమ్ గుర్రపు బండెక్కాడు. మరుసటి రోజు అమదేయోకు స్వాగతం చెప్పడానికి కార్తహేనా రేవుకు బయలుదేరాలి. బండిలో ఇద్దరు సహాయకులు, మోయా, నందీన్. తుర్కో వీధి ఇరుకు సందు. ఎదురుగా రెండు బండ్లు అడ్డం. మోయా కిటికీలోంచి చూసి తుపాకులు ఎక్కుపెట్టారని అరిచాడు. రెండు వైపులనుంచీ బొంగు తుపాకులు పేలాయి. నందీన్ చేయి ఛిద్రమైంది. ప్రిమ్‌కు ఎడమ భుజం, కుడిచేతి వేలు. బండివాడు కొరడా ఝళిపించి అడ్డం తోసుకుని యుద్ధమంత్రి భవనానికి చేర్చాడు. గాయాలు ప్రమాదకరం కాదని ప్రకటించారు. 30వ తేదీన చనిపోయాడు.

ఎవరు చంపించారు? ఒకప్పుడు ప్రిమ్‌కు నమ్మినబంటై తర్వాత పగబట్టిన గణతంత్రవాది పౌల్ ఇ అంగూలో, సింహాసనం చేజారిన మోన్‌పాన్సియె, సెర్రానో అంగరక్షకులు, క్యూబా బానిస యజమానులు. అందరి మీదా వేలు చూపారు. దర్యాప్తు కాగితాలు గుట్టలయ్యాయి, ఒక్కరికీ శిక్ష పడలేదు. 2012లో ఆయన దేహాన్ని పరీక్షించిన ఒక బృందం మెడ మీద గుర్తులు చూసి గొంతు పిసికి ఉంటారంది. తర్వాత ఇంకో బృందం అవి దుస్తుల ఒత్తిడికి పడినవేనంది.

నా అనుమానం మోన్‌పాన్సియె మీద. ఆయన డబ్బు...

తెల్లకాగితం | 19
ఆ మూడు చుక్కల దగ్గరే ఆగండి. నూట యాభై ఏళ్ళుగా అందరూ అక్కడిదాకానే వచ్చారు.

వేగుచుక్క | 20
హత్య కంటే నాకు కార్తహేనా రేవు ఎక్కువ గుర్తుంటుంది. అమదేయో ఓడ దిగింది సరిగ్గా ఆ 30నే. ఎదురువచ్చింది ప్రిమ్ కాదు, తొపేతె. ఆ తొపేతె మోన్‌పాన్సియె పక్షం మనిషి, అమదేయో వద్దని మొదటినుంచీ వాదించినవాడు. ప్రిమ్ పడిపోగానే, నేను కోరని రాజే అయినా ప్రాణానికి పూచీ నాది అని వెళ్ళాడు. కొత్త రాజు జనవరి 2న మాడ్రిడ్ చేరి నేరుగా అతోచా గుడికి పోయి శవపేటిక ముందు నిలబడ్డాడు. పెళ్ళికొడుకు వచ్చేసరికి పిలిచిన పెద్దాయనే లేడు. భాష సరిగా రాదు, తెలిసినవాళ్ళు లేరు. రెండేళ్ళు భరించి 1873 ఫిబ్రవరి 11న కిరీటం తీసి ఇచ్చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. 1874 చివరలో మరో సేనాని మరో ఊళ్ళో ప్రకటన చదివాడు, ఇసబెల్ కొడుకు అల్ఫోన్సో రాజయ్యాడు. మూడు "ఎన్నటికీ"లూ కలిసి ఆరేళ్ళు నిలిచాయి.

మెక్సికోలో వేళ్ళు లేని రాజు నిలవడని మూడో నెపోలియన్‌కు చెప్పినవాడే ఇంట్లో అదే పని చేశాడు. అమదేయోకు ఉన్న ఒకే ఒక్క వేరు ప్రిమ్.

ఎర్రమందారం | 21
ఇది బాగుంది. మీ "వెనక్కి తిరగడం" వాదనను మీరే కోసేశారు.

వేగుచుక్క | 22
కోశానని ఒప్పుకుంటాను. అయినా మెక్సికో ఉత్తరం గొప్పదే.

నల్లసిరా గారూ, మీ చిత్రకారుడి సంగతి చెప్పడం మర్చిపోయాను. లియోపోల్డ్ వ్యవహారంతో రాజుకున్న ఆ యుద్ధంలో రెన్యో సిపాయిగా చేరాడు. 1871 జనవరి 19న పారిస్ శివార్లలో బ్యూజెన్‌వాల్ దగ్గర తూటా తగిలి పోయాడు. ప్రిమ్ చనిపోయి మూడు వారాలు. రెన్యోకు ఇరవై ఏడేళ్ళు.

నల్లసిరా | 23
ఇది తెలియదు. ఫోనులో ఆ బొమ్మ ఫోటో తీసి ఉంచుకున్నాను, ఇప్పుడే మళ్ళీ తెరిచి చూశాను. మా అబ్బాయి నన్ను కూడా అందులో పడేలా తీశాడు, బొమ్మలో గుర్రం కాళ్ళ దాకా వచ్చాను.

వచ్చే ఏడాది మళ్ళీ అటు వస్తే రెవుస్ చూడాలని ఉంది. బాబాయి గారూ, బార్సిలోనా నుంచి రైలుందా?

బార్సిలోనా బాబాయి | 24
ఉంది, గంటన్నర పైన పడుతుంది. ఆయన దేహం కూడా 1971 నుంచి ఆ ఊళ్ళోనే ఉంది. మీరు వచ్చే ముందు కబురు చేయండి, మా ఆవిడ పులిహోర కట్టి ఇస్తుంది, కూడలిలో బల్ల మీద కూర్చుని తిందాం.